సహనం, రవాదారీ, సమాహత్: పదాల వెనుక చరిత్ర

1995 నవంబరు 16వ తేదీన పారిస్ నగరంలో యునెస్కో సర్వసభ్య సమావేశం సహన సూత్రాలను గురించి ఒక ప్రకటనను ఆమోదించింది. ఆ ప్రకటన ఇంగ్లీషు ప్రతిలో ‘టాలరెన్స్’ అన్న మాటకు అరబ్బీ ప్రతిలో ‘తసాముహ్’ అన్న పదం వాడారు. ఆ భావానికే ఉర్దూలో ‘రవాదారీ’, తెలుగులో ‘సహనం’ లేక ‘పరమత సహనం’ వాడుకలో ఉన్నాయి. నిఘంటువు తెరిచి చూసేవారికి ఇవన్నీ ఒకే వస్తువుకు నాలుగు పేర్లుగా కనిపిస్తాయి.

అయితే ఆ ప్రకటన మొదటి అధికరణంలోనే గమనించదగిన జాగ్రత్త ఒకటి ఉన్నది. సహనమంటే ఇతరులకు ఇచ్చే రాయితీ కాదనీ, పైనుండి చూపే దయ కాదనీ, పోనీలే అని వదిలివేయటం కాదనీ అందులో స్పష్టం చేశారు. ఒక పదాన్ని ఎన్నుకున్నవారే దానికి ఫలానా అర్థాలు లేవని మొదటనే చెప్పుకోవలసివచ్చిందంటే, ఆ అర్థాలు పదానికి గట్టిగా అంటిపెట్టుకొని ఉన్నాయన్నమాట. అవి ఎక్కడివి? అరబ్బీ పదానికీ, తెలుగు పదానికీ కూడా అవే అంటుకొని ఉన్నాయా? ఈ ప్రశ్నలకు సమాధానం చరిత్రలో వెదకవలసి ఉంటుంది.

బరువు మోసే పదం

‘టాలరెన్స్’కు మూలమైన లాటిన్ పదం ‘టాలరెన్షియా’. ఓర్చుకోవటం, భరించటం దాని అర్థం. సిసిరో, సెనెకా వంటి రోమన్ రచయితలు దీనిని నొప్పిని, కష్టాన్ని తట్టుకొనే శక్తి అన్న భావంలో వాడారు. అప్పటికి దీనికి పరమతంతో సంబంధం లేదు. మధ్యయుగపు క్రైస్తవ పండితుల చేతిలో ఇది న్యాయశాస్త్ర పదమైంది. చెడు అని తెలిసినప్పటికీ, అంతకంటె పెద్ద చెడును తప్పించటానికి శిక్షించకుండా వదలటం అన్న అర్థం స్థిరపడింది.

థామస్ అక్వినాస్ (1225–1274) తన ప్రధాన గ్రంథంలో ఇతర మతస్థుల ఆరాధనలను సహించవచ్చునా అన్న ప్రశ్నను చర్చించాడు. యూదుల ఆచారాలు క్రైస్తవ విశ్వాసానికే సాక్ష్యమిస్తాయి గనుక వాటిని సహించవచ్చుననీ, మిగతావారి ఆచారాలను పెద్ద కీడు తప్పించటానికి మాత్రమే సహించవచ్చుననీ నిర్ణయించాడు. పాలకులు కొన్ని చెడులను ఎందుకు సహిస్తారో చూపటానికి అదే చోట ఆయన వేశ్యావృత్తిని గురించి సెయింట్ అగస్టీన్ చెప్పిన మాటను గుర్తుచేశాడు. ఆనాటి ఆలోచనలో ‘సహించబడటం’ గౌరవం కాదని ఈ పోలికే చెబుతుంది.

యూరపులో మతయుద్ధాల తరువాత వెలువడిన శాసనాలలోనూ ఈ ఛాయ పోలేదు. 1598లో ఫ్రాన్సు రాజు నాలుగవ హెన్రీ నాంత్ శాసనం ద్వారా ప్రొటెస్టెంట్లకు కొన్ని హక్కులిచ్చాడు. 1685లో పధ్నాలుగవ లూయీ దానిని రద్దుచేశాడు. లక్షకు పైగా ప్రొటెస్టెంట్లు దేశం విడిచిపోయారు. ఇచ్చిన చేయి తిరిగి తీసుకోగలదని ఈ ఉదంతం రుజువు చేసింది. 1689లో ఇంగ్లండులో వచ్చిన చట్టాన్ని చరిత్రకారులు ‘టాలరేషన్ చట్టం’ అంటారు గాని, దాని అసలు శీర్షికలో ఆ మాటే లేదు. ఆంగ్లికన్ చర్చితో ఏకీభవించని ప్రొటెస్టెంట్లను కొన్ని శిక్షాచట్టాల నుండి మినహాయించటం మాత్రమే ఆ శీర్షిక చెప్పే సంగతి. కాథలిక్కులకు, త్రిత్వాన్ని నిరాకరించేవారికి ఆ మినహాయింపు కూడా లేదు. 1781లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ కాథలిక్కులు కాని కొన్ని క్రైస్తవ శాఖలకు ప్రార్థనా గృహాలు అనుమతించాడు. అయితే వాటికి గంటలు ఉండరాదు, గోపురం ఉండరాదు, వీధివైపు ద్వారం ఉండరాదు. ఉండవచ్చు, కాని కనబడరాదు, వినబడరాదు. అదీ ఆ సహనం హద్దు.

ఈ పదం మీద తిరుగుబాటు కూడా అక్కడే పుట్టటం గమనార్హం. 1789లో ఫ్రెంచి జాతీయ సభలో మిరాబో, సహించే అధికారమంటూ ఒకటి ఉండటమే ఆలోచనా స్వేచ్ఛకు విఘాతమని వాదించాడు. సహించగలవాడు సహించకుండా కూడా ఉండగలడన్నది ఆయన తర్కం. 1790లో అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ న్యూపోర్టు పట్టణపు యూదులకు రాసిన లేఖలో, ఒక వర్గం దయతో మరో వర్గం తన సహజ హక్కులను అనుభవిస్తున్నట్లు మాట్లాడే కాలం గడిచిపోయిందన్న భావం వ్యక్తం చేశాడు. 1791లో థామస్ పెయిన్ మరింత ముందుకుపోయి, అసహనమూ సహనమూ రెండూ నిరంకుశత్వపు రూపాలే అన్నాడు. ఒకటి అంతరాత్మకు స్వేచ్ఛ లేకుండా చేసే అధికారం తనదంటుంది, రెండవది ఇచ్చే అధికారం తనదంటుంది. రెండు శతాబ్దాల తరువాత యునెస్కో ప్రకటన చూపిన జాగ్రత్తకు మూలం ఈ వాదనలలోనే ఉన్నది.

హమాలీ, తహమ్ముల్, సహనం

ఉర్దూ, తెలుగు భాషలలో ఈ భావానికి వాడే పదాలు రెండు తెగలకు చెందుతాయి. మొదటిది బరువు తెగ. ఉర్దూలోని ‘తహమ్ముల్’ అరబ్బీ ‘హమ్ల్’ అనే ధాతువు నుండి వచ్చింది. హమ్ల్ అంటే బరువు, మోత. తెలుగువారు బజారులో నిత్యం పిలిచే ‘హమాలీ’ కూడా ఆ ధాతువు బిడ్డే. ‘బర్‌దాష్త్’ అనే ఫార్సీ పదానికి కూడా పైకెత్తుకోవటం అన్నదే మూలార్థం. తెలుగు ‘సహనం’ సంస్కృత ధాతువు నుండి వచ్చిన పదం, దానిలోనూ ఓర్చుకోవటమే ప్రధానం. ఈ పదాలన్నీ ‘టాలరెన్షియా’కు దగ్గరి చుట్టాలు. వీటిలో ఎదుటి మనిషి ఒక మూట. మోసేవాడు మంచివాడు కావచ్చు, కాని మూటకు మర్యాద ఉండదు.

‘సహనం’ విషయంలో మరొక చిక్కు ఉన్నది. అరబ్బీలో ‘సబ్ర్’ వేరు, ‘హిల్మ్’ వేరు. మక్కాలో హింసలకు గురైన విశ్వాసులు చూపినది సబ్ర్. చేతిలో అధికారం ఉండి, శిక్షించగలిగి ఉండి, నిగ్రహించుకోవటం హిల్మ్. హిల్మ్‌కు బసరా నగరపు అహ్‌నఫ్ బిన్ ఖైస్ పేరు అరబ్బుల నోట సామెతగా నిలిచిపోయింది. ఖుర్ఆన్‌లో ‘హలీమ్’ అన్నది అల్లాహ్ గుణనామాలలో ఒకటి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై)కు కూడా ఆ విశేషణం అందులో వాడబడింది. తెలుగులో ఈ రెండింటికీ ‘సహనం’ ఒక్కటే మాట. బలహీనుడితో ‘సహనం వహించు’ అన్నా, బలవంతుడితో ‘సహనం చూపు’ అన్నా పదం మారదు. అందువల్ల ఎవరు ఎవరి పట్ల, ఏ స్థితిలో సహనంగా ఉండాలన్న ప్రశ్న తెరమరుగవుతుంది. దెబ్బ తిన్నవాడికీ కొట్టగలవాడికీ ఒకే హితవు చెప్పి, న్యాయం చెప్పినట్లు తృప్తిపడే వీలు ఇందులో ఉన్నది.

రెండవది అనుమతి తెగ. ‘రవాదారీ’ దీనికి చెందుతుంది. ఫార్సీలో ‘రవా’ అంటే చెల్లుబాటయ్యేది, తగినది. ఎదుటివాని పద్ధతిని ‘రవా’గా ఉంచటం రవాదారీ. ఇందులో మూట లేదు, ముఖం చిట్లింపు లేదు. కాని తగునో తగదో నిర్ణయించేవాడు మాత్రం ఉన్నాడు.

తెలుగు నుడికారంలో మరొక సంగతి దాగి ఉన్నది. ‘ఓర్పు’కు వ్యతిరేకం కోపం కావచ్చు. కాని ‘ఓర్వలేనితనం’ అంటే మాత్రం తెలుగువారికి కోపం కాదు, అసూయ. పక్కవాని మేలును చూసి ఓర్వలేకపోవటం. పరమత ద్వేషానికి ఇది చాలా లోతైన నిర్వచనం. ఎందుకంటే తరచూ భరించలేనిది ఎదుటివాని విశ్వాసాన్ని కాదు, అతడు పచ్చగా బ్రతకటాన్ని. ఖుర్ఆన్ బఖరా సూరా 109వ ఆయత్‌లోనూ విశ్వాసులను వెనుకకు మళ్ళించాలని కోరేవారి మనసులోని హసద్, అనగా అసూయ, ప్రస్తావనకు వచ్చింది. ఆ అసూయకు బదులుగా విశ్వాసులకు అక్కడ ఆదేశించబడినవి అఫ్వ్, సఫ్హ్. ‘అఫ్వ్’ క్షమించటం. తెలుగు వ్యవహారంలో బకాయిని ‘మాఫీ’ చేయటం అనే మాట ఈ ధాతువునుండే వచ్చింది. ‘సఫ్హ్’ అంతకంటె పై మెట్టు. క్షమించినవాడు దెప్పిపొడవవచ్చు, సఫ్హ్ చేసినవాడు ఆ పేజీ తిప్పివేస్తాడు, నింద కూడా మాటలో ఉండనీయడు. ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ ఈ రెంటి మధ్య ఈ భేదాన్ని చూపాడు.

ముడి లేని కర్ర

ఇక అరబ్బీలో నేడు ‘టాలరెన్స్’కు సమానార్థకంగా నిలిచిన ‘తసాముహ్’ను చూడాలి. దీని ధాతువు సీన్, మీమ్, హా. ఇబ్నె మన్‌జూర్ (మరణం 1311) తన ‘లిసానుల్ అరబ్’ నిఘంటువులో ‘సమాహత్’కు ఇచ్చిన మొదటి అర్థం ఔదార్యం, చేయి విప్పి ఇవ్వటం. ముడులు లేని నున్నటి కర్రను కూడా అరబ్బులు ‘సమ్హ్’ అంటారని అందులోనే ఉన్నది. పట్టుకుంటే చేతికి గుచ్చుకోనిది, వంచితే అడ్డుపడనిది. ఇక్కడ బరువు లేదు, భరించటం లేదు. సులువు ఉన్నది, ఔదార్యం ఉన్నది.

ఈ పదం పుట్టిల్లు మతవాదాల సభ కాదు, బజారు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావలసిన బాకీ అడిగేటప్పుడు ‘సమ్హ్’గా ఉండే మనిషిపై అల్లాహ్ కరుణ కలగాలని మహాప్రవక్త (స) ప్రార్థించినట్లు బుఖారీ హదీసులో ఉన్నది. అంటే తన హక్కు తనకు తెలిసి కూడా, చివరి పైసా దాకా పిండకుండా, ఎదుటివానికి ఊపిరి పీల్చుకొనే చోటు వదలటం. ఇస్లాం ధర్మాన్నే ‘హనీఫియ్యతుస్సమ్‌హా’ అని హదీసులు వర్ణించాయి. సూటిదనం, సులువు రెండూ కలిసినదని దీని భావం. ఆ వర్ణన ప్రధానంగా ధర్మాన్ని ఆచరించేవారిపై అనవసరపు భారం లేకపోవటాన్ని చెబుతుంది.

ఇంకొక వాస్తవాన్ని కూడా దాచవలసిన పని లేదు. సీన్, మీమ్, హా ధాతువు ఖుర్ఆన్‌లో ఎక్కడా రాలేదు. మదర్సాలో పాఠ్యగ్రంథాల వ్యాఖ్యానాలు చదివినవారికి ‘తసాముహ్’ మరో అర్థంలో కూడా పరిచితమే. రచయిత పదాన్ని కచ్చితంగా వాడనప్పుడు, వ్యాఖ్యాత ‘ఇక్కడ తసాముహ్ ఉన్నది’ అంటాడు. సయ్యద్ షరీఫ్ జుర్జానీ (మరణం 1413) తన పరిభాషా గ్రంథంలో ఈ అర్థాన్నే నమోదు చేశాడు. అప్పటికి ‘పరమత సహనం’ అన్న నేటి అర్థం ఈ పదానికి సాంకేతికంగా ఏర్పడలేదు.

కొత్త అర్థం ఎలా వచ్చింది?

పందొమ్మిదవ శతాబ్దంలో యూరపు భాషల నుండి అనువాదాలు చేసిన అరబ్బు రచయితలు మొదట ‘టాలరెన్స్’కు ‘తసాహుల్’ అన్న పదం వాడారు. 1902లో అలెగ్జాండ్రియా నుండి వెలువడే ‘అల్ జామిఅ’ పత్రికలో ఫరహ్ అంతూన్ (1874–1922) ఇబ్నె రుష్ద్‌ను గురించి రాస్తూ, తత్వవేత్తలను ఏ మతం ఎక్కువ సహించిందన్న చర్చ లేవనెత్తాడు. ఆయన వాడిన పదం ‘తసాహుల్’. నాటి ఈజిప్టు ముఫ్తీ షేఖ్ ముహమ్మద్ అబ్దుహు (1849–1905) ‘అల్ మనార్’ పత్రికలో దానికి సమాధానాలు రాశాడు. అవి తరువాత గ్రంథరూపంలో వచ్చాయి.

వాదంలో గెలుపోటములు ఎలా ఉన్నా, పదం విషయంలో ఒక ఇబ్బంది ఉండిపోయింది. హదీసు విద్యార్థికి ‘తసాహుల్’ అంటే సడలింపు, అజాగ్రత్త. బలహీన రివాయతులను సహీహ్‌గా లెక్కించే విమర్శకుణ్ణి ‘ముతసాహిల్’ అంటారు. ‘ముస్తద్రక్’ గ్రంథకర్త హాకిమ్ నైసాబూరీ (మరణం 1014)ని గురించి ముహద్దిసులు వాడిన మాట అదే. అట్టి పదంతో పరమతస్థుల పట్ల మంచితనాన్ని చెబితే, విశ్వాసంలో సడలింపు అని చదువరి భయపడటం సహజం. క్రమేణా ‘తసాహుల్’ వెనుకబడి, ఔదార్యం ధ్వనించే ‘తసాముహ్’ ముందుకు వచ్చింది.

ఈ మార్పు వల్ల మేలు జరిగింది, పొరపాటుకూ దారి ఏర్పడింది. భరించటం అనే పదానికి బదులు ఔదార్యం అనే పదం రావటం మేలు. కాని ఒకే పదం కింద రెండు చరిత్రలు చేరేసరికి, కొందరు యూరపు ‘టాలరేషన్’ చరిత్ర మొత్తాన్ని ఔదార్యపు చరిత్రగా చదివారు. మరికొందరు పూర్వగ్రంథాలలో ‘సమాహత్’ కనబడిన ప్రతిచోటా ఆధునిక మత స్వేచ్ఛను చూశారు. రెండూ సరికాదు. పదం సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

జిమ్మా: దయ కాదు, బాకీ

ముస్లిం రాజ్యాలలో పరమతస్థుల స్థితిని నిర్ణయించిన పదం నిజానికి తసాముహ్ కాదు, ‘జిమ్మా’. ఉర్దూలో ‘జిమ్మేదారీ’ అనే మాట ఎరిగిన ప్రతి ఒక్కరికీ దీని అర్థం సగం తెలిసినట్లే. జిమ్మా అంటే మెడమీద ఉన్న బాధ్యత, తీర్చవలసిన ఒప్పందం. అందుకు ఒక ఉదాహరణ ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798) ‘కితాబుల్ ఖరాజ్’లోనూ, బలాజురీ (మరణం 892) ‘ఫుతూహుల్ బుల్దాన్’లోనూ లభిస్తుంది. యర్మూక్ యుద్ధానికి (636) ముందు రోమక సైన్యం పెద్దఎత్తున కదలివస్తున్నదని తెలిసింది. హిమ్స్ మొదలైన సిరియా పట్టణాలను ముస్లిములు ఖాళీ చేయవలసివచ్చింది. అప్పుడు అక్కడి ప్రజలనుండి వసూలు చేసిన పన్నును తిరిగి ఇచ్చివేశారు. రక్షణ కల్పిస్తామన్న షరతుపై తీసుకున్నాము, ఇప్పుడు రక్షించలేము గనుక ఆ సొమ్ము మాది కాదన్నది వారి వివరణ. సహించేవాడు సొమ్ము తిరిగి ఇవ్వడు. బాకీపడినవాడే ఇస్తాడు.

అయితే జిమ్మా నేటి సమాన పౌరసత్వం కాదు. జిజ్యా ఉండేది. తరువాతి కాలపు న్యాయవేత్తలు, పాలకులు దుస్తుల విషయంలో, కొత్త ప్రార్థనాలయాల విషయంలో ఆంక్షలు రాశారు. కొన్నిచోట్ల అవి కఠినంగా అమలయ్యాయి, కొన్నిచోట్ల కాగితం మీదనే ఉన్నాయి. ఉస్మానియా సామ్రాజ్యంలో 1856 నాటి ఫర్మానా ద్వారా మతభేదం లేని సమానత్వం ప్రకటించబడింది. ఈ సంగతులను విడిచి, హిమ్స్ ఉదంతాన్ని మాత్రమే చెప్పుకొనే చరిత్రకు విలువ ఉండదు. కాని ఆ ఉదంతం నేర్పే పాఠం చెడదు. ఒప్పందం ఎదుటివానికి అడిగే నోరు ఇస్తుంది. దయకు లెక్క అడగటం కుదరదు, బాకీకి అడగవచ్చు.

బిర్ర్, ఖిస్త్

ఖుర్ఆన్ స్వయంగా ఏ పదాలను ఎన్నుకున్నది? ధర్మం విషయంలో మీతో యుద్ధం చేయనివారి పట్ల, మిమ్మల్ని ఇండ్లనుండి వెళ్ళగొట్టనివారి పట్ల ఎలా మెలగాలో ముమ్‌తహినా సూరా 8వ ఆయత్ తెలుపుతుంది. అక్కడ ఉన్నవి రెండు క్రియలు. ఒకటి ‘బిర్ర్’ నుండి, రెండవది ‘ఖిస్త్’ నుండి వచ్చాయి. ఖిస్త్ అంటే న్యాయం, ఎవరి వాటా వారికి చెల్లించటం. బిర్ర్ అంటే మనసారా చేసే మేలు. తల్లిదండ్రుల సేవను చెప్పటానికి ముస్లిములు వాడే ‘బిర్రుల్ వాలిదైన్’లోని పదం ఇదే. ఏ కుమారుడూ తన తల్లిని ‘సహిస్తున్నాను’ అని గౌరవంగా చెప్పుకోలేడు. అట్టి పదాన్ని పరధర్మీయుని విషయంలో వాడటం చిన్న సంగతి కాదు.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఒక ఉదంతం ఈ భావానికి ప్రాణం పోస్తుంది. ఖురైషులతో సంధి అమలులో ఉన్న రోజులలో హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) వద్దకు ఆమె తల్లి వచ్చింది. తల్లి అప్పటికి బహుదైవారాధకురాలు. కూతురి ఆదరణ కోరి వచ్చింది. ఆమెతో బంధుత్వం నెరపవచ్చునా అని అస్మా (రజి) మహాప్రవక్త (స)ను అడిగారు. నెరపమని ఆయన ఆదేశించారు. తల్లి విశ్వాసాన్ని కూతురు ఒప్పుకోవలసిన పని లేదు, తన విశ్వాసాన్ని సడలించుకోవలసిన పనీ లేదు. తలుపు తెరవటం మాత్రం ఆమె మీద ఉన్న హక్కు. తసాహుల్‌కూ బిర్ర్‌కూ ఉన్న దూరం ఆ గడప దగ్గర తెలుస్తుంది.

హక్కు ముందు, సుగుణం తరువాత

భారత రాజ్యాంగం 25వ అధికరణం మత విషయాన్ని చెప్పేటప్పుడు ‘సహనం’ అనే మాటను ఆశ్రయించలేదు. అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసే హక్కును పేర్కొన్నది. 1986లో సుప్రీంకోర్టు ముందుకు కేరళ నుండి ఒక కేసు వచ్చింది. ఒక చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం సమయంలో గౌరవంగా నిలబడ్డారు గాని, తమ విశ్వాసం కారణంగా పాడలేదు. అందుకు బడి నుండి తొలగించబడ్డారు. వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు వచ్చింది. తీర్పు రాసినది పూర్వం ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. ఆ తీర్పు చివర సహనం మన సంప్రదాయమన్న ప్రసిద్ధమైన మాటలున్నాయి. కాని పిల్లలు బడికి తిరిగి వెళ్ళింది ఆ మాటల బలంతో కాదు. భావప్రకటన స్వేచ్ఛ, అంతరాత్మ స్వేచ్ఛ అనే హక్కుల బలంతో. సహనం చివర వచ్చి ఆ హక్కుకు అందం తెచ్చింది.

పదాల చరిత్ర చెప్పే వరుస కూడా ఇదే. తహమ్ముల్ మనిషిని మూటను చేస్తుంది. రవాదారీ అతనికి అనుమతి ఇస్తుంది. సమాహత్ అతనికి చోటు వదులుతుంది. జిమ్మా అతనికి బాకీపడుతుంది. ఖిస్త్ అతని వాటా అతనికి ఇస్తుంది, బిర్ర్ ఆ ఇచ్చే చేతికి ప్రేమను జోడిస్తుంది. వీటన్నిటినీ ‘సహనం’ అనే ఒక్క మాటతో అనువదించి ఊరుకుంటే, అడుగున ఉన్న మెట్టే శిఖరమనిపిస్తుంది.

అందుచేత ‘పరమత సహనం’ అనే మాట వినబడినప్పుడు, అది ముస్లిములు ఇతరులకు చూపవలసినదైనా, ఇతరులు ముస్లిములకు చూపవలసినదైనా, ఒక ప్రశ్న వేసుకోవటం మంచిది: ఇక్కడ చెల్లుతున్నది దయా, బాకీయా? ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న దేశాలకూ, తక్కువ సంఖ్యలో ఉన్న దేశాలకూ ఈ ప్రశ్న సమానంగా వర్తిస్తుంది. తనకు హక్కుగా కోరినదాన్ని పక్కవానికి దయగా విదిలించేవాడు తూకంలో మోసం చేసినవాడే. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, కొలిచి ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరా ప్రారంభంలోనే చేసిన హెచ్చరిక ధాన్యపు కుంచానికి మాత్రమే పరిమితం కాదు.